పెట్టె లేని చుట్ట



ఈ రేడియో ప్రసంగానికి నాకు ఇచ్చిన సమయం సుమారు 20 నిమిషాలు. ఇరవై నిమిషాలంటే ఎంతసేపు? పొయ్యిమీద ఎసరు పెట్టి అన్నం వార్చేంత సేపు. మా వైపు రోడ్డు మీద నిలబడితే, అదృష్టం బాగుంటే, బస్సు వచ్చేంత సేపు.

ఈ ఇరవై నిమిషాల మాట ఎందుకెత్తానంటే, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2024 చివర్లో ఒక లెక్క చెప్పారు. ఒక సిగరెట్టు మనిషి ఆయుష్షులోంచి సగటున 20 నిమిషాలు పట్టుకుపోతుందట. మగవాళ్లకు 17 నిమిషాలు, ఆడవాళ్లకు 22. ఇదే లెక్క 2000 సంవత్సరంలో వేస్తే 11 నిమిషాలే వచ్చింది. ఈసారి దాదాపు రెట్టింపయింది.

అంటే నేను మీతో మాట మొదలుపెట్టిన దగ్గర్నుంచి సెలవు తీసుకునేదాకా ఎంతసేపో, ఒక్క సిగరెట్టుకు అంత ఆయుష్షు. రోజుకు పది కాల్చేవాళ్లకు మూడు గంటల పైచిలుకు. అవన్నీ ముసలితనంలో మంచానపడి గడిపే గంటల్లోంచే పోతాయిలే అనుకోకండి. ఓపికగా తిరిగే, ఆరోగ్యంగా ఉండే నడివయసు గంటల్ని తినేస్తుందని ఆ పరిశోధకులే చెప్పారు.

సరే, సిగరెట్టు సంగతి అలా ఉంచండి. ఇవాళ నేను చుట్ట గురించి మాట్లాడదామని వచ్చాను.

నేను పళ్ల డాక్టర్ని. ఉత్తరాంధ్రలో పనిచేస్తాను. నేను వెళ్లే ఊళ్లలో సిగరెట్టు వాళ్లకంటే చుట్టవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. చుట్ట అనగానే మీలో కొందరికి గిరీశం గుర్తొచ్చి ఉంటాడు. గురజాడవారు అతని చేతికి చుట్ట ఇచ్చి, దాని గొప్పతనం మీద ఉపన్యాసం కూడా ఇప్పించారు. అది వినీ చదివీ మనందరికీ చుట్టంటే కాస్త నవ్వు, కాస్త ముద్దు. కానీ ఇవాళ నేను చెప్పే చుట్టను గిరీశం కాల్చినట్టు కాల్చరు.

ఓసారి శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో నోటి పరీక్షల శిబిరం పెట్టాం. బడి వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక టార్చిలైటు, నాలిక నొక్కే చెక్కపుల్లలు, నేను. అంతే సరంజామా. చేపల బుట్టలు గోడ పక్కన దించి ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. ఒక మామ్మ వంతు వచ్చింది. డెబ్భై ఏళ్లుంటాయి. కుర్చీలో కూర్చుంది. "నోరు తెరువు మామ్మా" అన్నాను. తెరవబోతూ ఆగి, రెండు వేళ్లతో నోట్లోంచి ఒక చుట్ట ముక్క బయటికి తీసింది. దాని కొస ఎర్రగా కణకణలాడుతోంది. ఆ ఎర్రటి కొస అప్పటిదాకా నోటి లోపల ఉంది!

నాతో వచ్చిన కుర్ర డాక్టరమ్మ వేరే జిల్లా పిల్ల. "మేడమ్, నిప్పు లోపల పెట్టుకున్నారండీ!" అని అరిచినంత పని చేసింది. మామ్మ ఆ పిల్లకేసి చూసి నవ్వింది. చుట్టను వరండా అంచు మీద జాగ్రత్తగా పెట్టింది, ఎవరూ తొక్కకుండా. పరీక్ష అయ్యాక మళ్లీ తీసుకోవాలి కదా.

దీన్నే మా వైపు అడ్డపొగ అంటారు. మరోసారి చెప్తాను, అడ్డపొగ. చుట్ట వెలిగించి, వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి పీల్చడం. నిప్పు లోపల, వెలగని కొస బయట. ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. ఎందుకమ్మా ఇలా అంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తారు. సముద్రపు గాలికి బయట నిప్పు నిలవదు, లోపలైతే ఆరిపోదు అంటుంది ఒకామె. చంటిదాన్ని ఎత్తుకుని ఉంటాను, మీద నుసి రాలకుండా ఉంటుంది అంటుంది ఇంకొకామె. చేతులు రెండూ పనిలో ఉన్నా కాల్చుకోవచ్చు. చుట్ట చాలాసేపు వస్తుంది. అత్తగారికి కనిపించకుండా మొదలుపెట్టాను అన్నవాళ్లూ ఉన్నారు. ఆ అత్తగారు పోయి ముప్ఫై ఏళ్లయినా నిప్పు మాత్రం లోపలే ఉండిపోయింది. ఇంకేమీ తోచనివాళ్లు, "మాయమ్మ కాల్చీది, నేనూ కాలుస్తన్నాను" అనేస్తారు.

ఇది మనకొక్కరికే ఉన్న అలవాటు కూడా కాదు. పనామాలో ఉంది, ఫిలిప్పీన్స్‌లో ఉంది, ఇటలీవాళ్ల సార్డీనియా దీవిలో కూడా ఉండేది. అయితే ఇంత పెద్ద ఎత్తున, ఇన్ని ఊళ్లలో, ఇంతమంది ఆడవాళ్లలో కనిపించి ప్రపంచం దృష్టిలో పడింది మాత్రం మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనే.

ఒక్కసారి ఊహించుకోండి. వేడి వేడి కాఫీ తొందరపడి తాగితే అంగిలి కాలుతుంది. అంగిలి అంటే నోటి పైకప్పు, నాలిక పైకెత్తితే తగిలేది. అది ఒకసారి కాలిందంటే తోలు ఊడి, రెండు రోజులు కూర తినాలన్నా మంట. అడ్డపొగ కాలుస్తున్నప్పుడు ఆ అంగిలి 58 డిగ్రీల దాకా వేడెక్కుతుందని కొలిచినవాళ్లు రాశారు. మన ఒంటి వేడి 37. కాఫీ అయితే ఒక గుక్క. ఇది రోజుకు ఎన్నిసార్లో, ఏడాదికి ఎన్ని రోజులో, నలభై ఏళ్లు, యాభై ఏళ్లు. ఆ వేడికి తోడు పొగాకు విషం.

టార్చి వేసి చూస్తే మామ్మ అంగిలి ఎలా ఉందో చెప్తాను. గులాబీరంగులో నున్నగా ఉండాల్సింది. అక్కడ పాతగోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా, గరుగ్గా ఉంది. ఆ తెలుపు మధ్య ఎర్రటి చుక్కలు. ఒకచోట నల్లటి మరక. పుండు లేదు, అదే అదృష్టం.

"మామ్మా, ఈ చుట్ట మానెయ్యాలి" అన్నాను.

మామ్మ ఒక ప్రశ్న అడిగింది. "ఈ వొయిసులో ఒగ్గీసి ఏటి సేసుకుంటాను తల్లీ?"

ఈ వయసులో మానేసి ఏం చేసుకుంటాను? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. దీనికి జవాబు ఉంది. పరిశోధనల్లో ఉంది, కొంత మన శ్రీకాకుళం ఊళ్లలోనే దొరికింది. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక పాత కథ. దేశంలో మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గలో వస్తుంది, పొగాకు, కిళ్లీ దాచుకునే చోట. నాలిక మీదా వస్తుంది. మరి విశాఖపట్నం వైపు అంగిలి మీద ఎందుకొస్తోంది? ఈ తేడాను విశాఖ వైద్యులు 1930లలోనే గమనించారు. చుట్టమీద వాళ్లకు అప్పుడే అనుమానం వచ్చింది.

తర్వాత బొంబాయి నుంచి ఒక బృందం వచ్చింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పేరు మీరు వినే ఉంటారు. అణువులూ విశ్వకిరణాలూ అంటూ పెద్ద పెద్ద భౌతికశాస్త్రం జరిగే చోటు. ఆ సంస్థలోనే దంత పరిశోధనకు ఒక చిన్న విభాగం ఉండేది. దాన్ని నడిపిన డాక్టర్ ఫలీ మెహతా, డెన్మార్క్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ పిండ్‌బోర్గ్, వాళ్ల సహచరులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగారు. 10,169 మంది నోళ్లు చూశారు. పదివేల పైచిలుకు నోళ్లు! నేను ఒక శిబిరంలో నూట యాభై నోళ్లు చూస్తే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. వాళ్ల నివేదిక 1971లో అచ్చయింది. చూసినవాళ్లలో వందకు 44 మంది దాకా అడ్డపొగ తాగుతున్నారు. దాదాపు సగం! అంగిలి మీద ఆ తెల్లదనం, ఆ చుక్కలు, ఆ పుళ్లు కూడా ఎక్కువగా వాళ్లలోనే కనిపించాయి.

అక్కడితో ఆగి ఉంటే అది ఒక వైద్య వింతగా పుస్తకాల్లో మిగిలిపోయేది. వాళ్లు ఆగలేదు. 1970ల చివర్లో ఇంకో పెద్ద పని మొదలుపెట్టారు. కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, మన దగ్గర శ్రీకాకుళం. మూడు జిల్లాల్లో కలిపి పొగాకు అలవాటున్న 36,000 మందిని తీసుకున్నారు. వాళ్లు చేసిందల్లా ఒకటే. ఇంటికి వెళ్లి, నోరు చూసి, ఎదురుగా కూర్చుని మాట్లాడటం. నీ నోట్లో ఇదిగో ఇలా ఉంది, ఇది ఇందువల్ల వచ్చింది, మానెయ్యడానికి ఇలా ప్రయత్నం చెయ్యి అని చెప్పడం. ఊళ్లో సినిమా వేసి చూపించడం, పోస్టర్లు అంటించడం. ఏడాది తర్వాత మళ్లీ అదే ఇంటికి వెళ్లి మళ్లీ నోరు చూడటం.

ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చాయి. ఉన్నదున్నట్టు చెప్పాలంటే అందరూ మానెయ్యలేదు. మానెయ్యనివాళ్లే ఎక్కువ. కానీ ఇంటికొచ్చి ఎవరూ ఇలా కూర్చుని చెప్పని వాళ్లతో పోలిస్తే, చెప్పించుకున్నవాళ్లలో మానేసినవాళ్లూ తగ్గించినవాళ్లూ బాగా ఎక్కువ. మానేసినవాళ్ల నోళ్లలో కొత్తగా తెల్లమచ్చలు పుట్టడం తగ్గింది. మందు లేదు, ఆపరేషన్ లేదు. మాట చెప్పారు, నోరు బాగుపడింది.

మళ్లీ చెప్తున్నాను, ఎందుకంటే రేడియోలో పేజీ వెనక్కి తిప్పే వీలు లేదు. ఎదురుగా కూర్చుని చెప్తే కొందరు మానేస్తారు. మానేస్తే నోరు కోలుకుంటుంది.

ఇక ఇప్పటి సంగతి. మన దేశంలో పొగాకు తగ్గుతోంది. పెద్దవాళ్ల పొగాకు అలవాట్ల మీద దేశమంతా రెండు పెద్ద సర్వేలు జరిగాయి. 2009-10లో వందకు దాదాపు 35 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2016-17కు వచ్చేసరికి వందకు 29 మందికి దిగింది. ఆ రెండో సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో వందకు 20 మంది, తెలంగాణలో 18 మంది లెక్క తేలారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పినదాన్ని బట్టి ప్రపంచంలోనూ అదే దారి. 2000 సంవత్సరంలో 138 కోట్ల మంది వాడేవారు, 2024కు 120 కోట్లయ్యారు. జనాభా అంత పెరిగినా వీళ్లు తగ్గారు. మంచి మాటే.

ఎలా తగ్గారు? సిగరెట్టు పెట్టె చూడండి. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం చోటు భయంకరమైన బొమ్మకే పోయింది. ఆ బొమ్మ చూసి మానెయ్యాలనిపించిందా అని సర్వేలో అడిగితే, సిగరెట్టు తాగేవాళ్లలో వందకు 62 మంది అవునన్నారు. పన్నులు పెరిగాయి. సినిమాహాల్లో ఆట మొదలయ్యే ముందు హెచ్చరిక చూడక తప్పదు. పెట్టె మీదే సాయం చేసే ఫోన్ నంబరు అచ్చేస్తున్నారు. ఇవన్నీ పనిచేశాయి. నేను కాదనను.

అయితే ఇందులో చాలావరకు పెట్టెతో ముడిపడి ఉన్న పని. బొమ్మ పెట్టె మీద, నంబరు పెట్టె మీద, పన్ను పెట్టె మీద.

మామ్మ చుట్టకు పెట్టె లేదు.

సంతలో పొగాకు కట్ట కొంటుంది. ఈనె తీస్తుంది. ఆకు మీద నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక అరచేతుల మధ్య పెట్టి చుడుతుంది. దారం ముక్కతో కడుతుంది. నాలుగు చుట్టలు రొండిన దోపుకుని చేపల బుట్ట ఎత్తుకుంటుంది. ఆ చుట్టమీద ఏ బొమ్మ వేస్తారు? ఏ నంబరు రాస్తారు? సిగరెట్టు మీద పడే పన్ను లాంటిది దాన్ని తాకదు. మామ్మ సినిమాహాలుకు వెళ్లి ఎన్నేళ్లయిందో. మన చట్టాలన్నీ మామ్మ ఇంటి వీధి చివరిదాకా వచ్చి అక్కడ ఆగిపోయాయి.

గుమ్మం దాటి లోపలికి వెళ్లాలంటే మనిషే వెళ్లాలి. ఆ మనిషి ఎవరు? ఆశా కార్యకర్త, ఏఎన్ఎమ్, నాలాంటి డాక్టరు, లేకపోతే సొంత మనవరాలు. ఇక్కడ మా వైద్యుల గురించి కూడా ఒక ముక్క చెప్పుకోవాలి, సిగ్గుగా ఉన్నా సరే. ఆ 2016-17 సర్వేలోనే పొగతాగేవాళ్లను అడిగారు, గడిచిన ఏడాదిలో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మానెయ్యమని చెప్పారా అని. సగం మందికి కూడా ఎవరూ చెప్పలేదు. జ్వరానికి మందు రాశాం, బీపీ చూశాం, పన్ను పీకాం. చుట్ట కాలుస్తావా అని అడగలేదు. నేనూ అడగని రోజులున్నాయి. బయట ఎనభై మంది వరసలో ఉంటే ఆ రెండు నిమిషాలే బరువైపోతాయి. ముసలివాళ్లనైతే మరీ అడగం. పోనీలే, ఈ వయసులో ఏం మానతారు అనుకుంటాం.

చూశారా, మామ్మ అడిగిన ప్రశ్ననే మేమూ అడుగుతున్నాం. ఈ వయసులో ఎందుకు?

ఇప్పుడు జవాబు. బ్రిటన్‌లో 1951 నుంచి ముప్ఫై నాలుగు వేల మంది మగ డాక్టర్ల అలవాట్లను యాభై ఏళ్లపాటు గమనించారు. రిచర్డ్ డాల్ అనే ఆయన మొదలుపెట్టి, తన తొంభయ్యో పడి దాకా ఆ పని వదలలేదు. జీవితమంతా సిగరెట్టు తాగినవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. ముప్ఫై ఏళ్లప్పుడు మానేసినవాళ్లకు ఆ పదేళ్లూ దాదాపుగా దక్కాయి. నలభైలో మానితే తొమ్మిదేళ్లు. యాభైలో మానితే ఆరేళ్లు. అరవైలో మానినా మూడేళ్లు.

అరవైలో మానినా మూడేళ్లు! మూడేళ్లంటే ఒక మనవరాలి పెళ్లి, దాని కడుపున ఒక ముని మనవడు.

అది పాత ముచ్చట అంటారా, 2024లో వచ్చింది చెప్తాను. అమెరికా, కెనడా, బ్రిటన్, నార్వే దేశాల్లో 15 లక్షల మంది సమాచారం చూశారు. నలభై లోపల మానేసినవాళ్లు దాదాపు ఎన్నడూ తాగనివాళ్లలాగే బతికారు. ఏ వయసులో మానినా లాభం కనిపించింది. ఆ లాభం మూడేళ్లు తిరక్కుండానే మొదలైంది. ఏ వయసులో మానినా. ఈ మాట రెండుసార్లు చెప్పడానికే ఇవాళ స్టూడియోకు వచ్చానేమో.

ఇదంతా మామ్మకు ఇలాగే చెప్పానా? లేదు. బ్రిటన్ డాక్టర్ల సంగతి ఆవిడకెందుకు. చిన్న అద్దం తీసి ఆవిడ చేతికిచ్చి, టార్చి వేసి, ఆవిడ అంగిలి ఆవిడకే చూపించాను. చాలాసేపు చూసుకుంది. "ఇదంతా నా నోరేనా?" అంది.

తర్వాత బేరం మొదలుపెట్టింది. "పోనీ తిప్పి కాల్చుకుంటాను, నిప్పు బయటెట్టి."

ఈ బేరం ప్రతి ఊళ్లోనూ వింటాను. నిప్పు బయట పెడితే అంగిలి కాలడం తగ్గుతుంది, నిజమే. పొగ మాత్రం లోపలికే వెళ్తుంది. గొంతు, ఊపిరితిత్తులు, గుండె, వాటికి నిప్పు ఎటువైపున్నా ఒకటే. చుట్ట మాని ఖైనీ నోట్లో పెట్టుకున్నవాళ్లనూ చూశాను. పుండు అంగిలి నుంచి బుగ్గలోకి ఇల్లు మారుతుంది, అంతే. పట్నంలో పిల్లలు సిగరెట్టు మాని వేప్ అనే ఈ-సిగరెట్టు పట్టుకుంటున్నారు. 2019 నుంచి మన దేశంలో అమ్మకమే నిషేధమైన వస్తువది. దాని సంగతి ఇంకోరోజు మాట్లాడుకుందాం.

తెలంగాణ శ్రోతలు, బీడీ సంగతి ఏమిటి అనుకుంటూ ఉంటారు. బీడీ సన్నగా ఉంటుంది, పొగాకు కాస్తే పడుతుంది, ప్రమాదం తక్కువ అని చాలామంది నమ్మకం. తునికాకు గాలి ఆడనివ్వదు. అందుకే బీడీ ఆరిపోకుండా గబగబా, గట్టిగా పీలుస్తూ ఉండాలి. ఆ పీల్పుకు తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టుకంటే ఎక్కువే లోపలికి వెళ్తాయి. మన దేశంలో 11 లక్షల ఇళ్లు తిరిగి, ఏ ఇంట్లో ఎవరు పోయారు, పోయినవాళ్లు పొగతాగేవాళ్లా అని అడిగి తెలుసుకున్న పెద్ద అధ్యయనం 2008లో వచ్చింది. బీడీ తాగే మగవాళ్లు సగటున ఆరేళ్లు, ఆడవాళ్లు ఎనిమిదేళ్లు ముందుగా పోతున్నారని తేలింది. ఆడవాళ్లకు ఎక్కువ నష్టం. చెన్నై వైపు జరిగిన ఇంకో పరిశోధనలో, క్షయతో చనిపోయిన మగవాళ్లలో దాదాపు సగం చావులకు పొగే కారణమని కనిపించింది. దగ్గు మందు తాగుతూ బీడీ ముట్టించే అన్నలూ, ఇది మీకే.

అయినా 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ సిగరెట్టుకు 40 శాతం అని, బీడీకి మాత్రం 28 నుంచి 18కి దించాలని నిర్ణయించింది. బీడీలు చుట్టే అక్కాచెల్లెళ్ల బతుకు గురించి అన్నారు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో చాట ఒళ్లో పెట్టుకుని, రోజంతా నడుం వంచి వెయ్యి బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద నాకూ గౌరవం ఉంది. వాళ్ల వేళ్లు చూసినవాళ్లెవరూ వాళ్లను నిందించరు. వాళ్లకు కావలసింది కూలి పెరగడం, ఇంకో పని దొరకడం. తాగేవాడికి బీడీ చవకైతే చుట్టేవాళ్లకు ఒరిగేదేమిటో నాకు అర్థం కాలేదు. ఇది నా సొంత అభిప్రాయం.

ఇప్పుడు పనికొచ్చే నాలుగు ముక్కలు. పక్కన కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి.

మానెయ్యాలనుకుంటే ఫోన్ చెయ్యడానికి ఒక నంబరు ఉంది. డబ్బులు పడవు. 1800 11 2356. నిదానంగా చెప్తున్నాను. ఒకటి ఎనిమిది సున్నా సున్నా, ఒకటి ఒకటి, రెండు మూడు ఐదు ఆరు. ఇది ప్రభుత్వం నడిపే సేవ. చుట్టకు పెట్టె ఉండదు కాబట్టి వంటింటి గోడమీద రాసి పెట్టండి.

మానేసిన మొదటి వారం కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏదో పోగొట్టుకున్నట్టు ఉండటం. నికోటిన్ లాగుతుందన్నమాట. ఆ లాగుడు ఒక్కోసారి కొద్ది నిమిషాలే ఉంటుంది, అలలాగా వచ్చి పోతుంది. ఆ కాసేపూ నీళ్లు తాగండి, సోంపు నమలండి, లేచి వీధిలోకి వెళ్లి ఎవరినైనా పలకరించండి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. తట్టుకోలేకపోతే నికోటిన్ గమ్ ఉంది, మందులున్నాయి, డాక్టర్ని అడగండి. ఒకసారి మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు సిగ్గుపడనక్కర్లేదు. నాలుగైదుసార్లు ప్రయత్నించాక మానేసినవాళ్లు నాకు ఎంతోమంది తెలుసు.

ఇంకొకటి, అద్దం. నెలకొకసారి పొద్దున్నే వెలుతురులో నిలబడి నోరు తెరిచి చూసుకోండి. అంగిలి, బుగ్గల లోపల, నాలిక పక్కలు, నాలిక కింద. తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, కారం తగిలితే మండే చోటు గాని, రెండు వారాలైనా మానని పుండు గాని ఉంటే వెంటనే చూపించుకోండి. రెండు వారాలు. పుండు నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, మొదట్లో చాలావాటికి నొప్పి ఉండదు. ముప్ఫై దాటినవాళ్ల నోరు పరీక్షించడం ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలోనే ఉంది. మీ ఊరి ఏఎన్ఎమ్మును అడగండి.

ఇంట్లో చుట్ట కాల్చే పెద్దవాళ్లుంటే మనవలకు ఒక మాట. తిట్టకండి, చుట్టలు దాచెయ్యకండి. మీరు దాస్తే వాళ్లు ఇంకోచోట దాచుకుంటారు, వాళ్లకు మీకంటే అనుభవం ఎక్కువ. పక్కన కూర్చుని అద్దం చేతికివ్వండి.

మామ్మ సంగతి మిగిలిపోయింది.

ఆ రోజు మామ్మ ఏమీ ఒప్పుకోలేదు. కుర్చీలోంచి లేచి, వరండా అంచున పెట్టిన చుట్ట ముక్క తీసుకుని, ఆరిపోయిందని విసుక్కుంటూ వెళ్లింది. నెల తర్వాత మళ్లీ వెళ్లాం. రోజుకు రెండుకు తగ్గించానంది. నేను పూర్తిగా నమ్మలేదు. మూడోసారి వెళ్లినప్పుడు, "పండక్కి కాల్చీసేను, అబద్దమెందుకు" అంది. ఆ మాటతో మిగతాదంతా నమ్మాను.

ఐదో నెలలో నోరు తెరిచింది. తెలుపు పూర్తిగా పోలేదు, నల్లమరక అలాగే ఉంది. దాన్ని ఇప్పటికీ కనిపెట్టి చూస్తూనే ఉన్నాం. కానీ సున్నం కొట్టినట్టుండే చోట గులాబీరంగు తొంగి చూస్తోంది. ఎర్రచుక్కలు మాసిపోయాయి. అద్దం ఇవ్వబోతే వద్దంది, తన దగ్గరే ఒకటి ఉందట, సంతలో కొనుక్కుందట.

"ఎలా ఉంది మామ్మా? ఏమైనా తేడా తెలుస్తోందా?" అని అడిగాను.

మామ్మ అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, నా చెవిలో చెప్పింది. "రుసి తెలస్తంది తల్లీ. మా కోడలు కూరలో ఉప్పు ఇంతేస్తాదని ఇన్నాళ్లూ నాకు తెల్దు."